గ్రోనింగెన్‌లో ఒక సెమిస్టర్: ఎక్స్ఛేంజ్ విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

నెదర్లాండ్స్ ఉత్తర కొసన ఉన్న గ్రోనింగెన్‌కు ఎక్స్ఛేంజ్ విద్యార్థులుగా వెళ్లాలనుకుంటున్న తెలుగు విద్యార్థులూ, వారి తల్లిదండ్రులూ ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాము. సెమిస్టర్ అంటే చేతిలో ఉండేది ఐదు నెలలే. అందులో మొదటి రెండు నెలలు గది కోసమో, ఏదో ఒక కాగితం కోసమో తిరగడానికే సరిపోతే, అంత దూరం వెళ్లిన ప్రయోజనం సగం పోయినట్టే. అందుకే ఇక్కడ ఉండగానే ముగించుకోగల పనుల గురించి ఎక్కువగాను, వెళ్లాక వాటంతట అవే అలవాటయ్యే విషయాల గురించి తక్కువగాను రాశాము. రుసుములు, గడువు తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు విశ్వవిద్యాలయం ఇచ్చే తాజా సమాచారంతో సరిచూసుకోండి.

ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా వెళ్లడానికీ, అక్కడే డిగ్రీ చదవడానికీ తేడా ఏమిటి?

ఎక్స్ఛేంజ్ విద్యార్థి తన సొంత విశ్వవిద్యాలయంలోనే విద్యార్థిగా కొనసాగుతూ, ఒకటి రెండు సెమిస్టర్ల పాటు మాత్రమే అక్కడ చదువుతారు. ట్యూషన్ ఫీజు ఎప్పటిలాగే ఇక్కడి విశ్వవిద్యాలయానికే కడతారు. అక్కడి విశ్వవిద్యాలయం ఫీజు తీసుకోదు. ఐరోపా సంఘానికి బయటి దేశాల నుంచి డిగ్రీ కోసం వెళ్లేవారు ఏటా వేల యూరోలు కట్టవలసి ఉంటుందని గుర్తుంచుకుంటే, ఈ ఏర్పాటు విలువ అర్థమవుతుంది. అయితే దీనికి ఒక షరతు ఉంది: రెండు విశ్వవిద్యాలయాల మధ్య ముందే ఒప్పందం ఉండాలి, మీ పేరును మీ విశ్వవిద్యాలయమే ప్రతిపాదించాలి. నేరుగా మీరే దరఖాస్తు చేసుకునే అవకాశం లేదు. కాబట్టి మీ కళాశాలలో అంతర్జాతీయ సంబంధాల విభాగాన్ని అడిగి, ఒప్పందాల జాబితా చూడటమే మొదటి పని. ఆ ఒప్పందం ఐరోపా సంఘం నడిపే విద్యార్థి మార్పిడి పథకం ఎరాస్మస్ ప్లస్ కింద ఉన్నదైతే ప్రయాణపు ఖర్చూ, నెలవారీ భత్యమూ దొరికే వీలుంటుంది గనుక ఆ సంగతి కూడా అప్పుడే అడగండి.

అందరికీ తెలిసిన ఆమ్‌స్టర్‌డామ్‌ను వదిలి గ్రోనింగెన్ ఎందుకు?

ఒక్క సెమిస్టర్‌కు చిన్న నగరమే మేలని మా అభిప్రాయం. గ్రోనింగెన్ జనాభా సుమారు 2 లక్షల 40 వేలు. అందులో నాలుగింట ఒక వంతు మంది విద్యార్థులే. 1614లో స్థాపించిన గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంతో పాటు, వృత్తివిద్యకు ప్రాధాన్యమిచ్చే హాన్జే విశ్వవిద్యాలయం కూడా అక్కడే ఉంది. 1871లో అలెటా యాకోబ్స్ గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో చేరి, డచ్ విశ్వవిద్యాలయంలో అధికారికంగా ప్రవేశం పొందిన తొలి మహిళ అయ్యారు. భౌతికశాస్త్రంలో 1953 నోబెల్ పొందిన ఫ్రిట్స్ జెర్నికె, రసాయనశాస్త్రంలో 2016 నోబెల్ పొందిన బెన్ ఫెరింగా ఆ విశ్వవిద్యాలయ ఆచార్యులే. విజ్ఞానశాస్త్ర విభాగాలున్న ఉత్తర శివారు ప్రాంగణానికి జెర్నికె పేరే పెట్టారు.

ఊరు చిన్నది కావడం వల్ల తరగతి గది, సంత, రైల్వే స్టేషన్, మిత్రుల ఇళ్లు అన్నీ సైకిల్ మీద ఇరవై నిమిషాల దూరంలోనే ఉంటాయి. ఆమ్‌స్టర్‌డామ్ రైలులో దాదాపు రెండు గంటల ప్రయాణం; చూడాలనిపించినప్పుడు వెళ్లి రావచ్చు. హైదరాబాద్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు 2025 సెప్టెంబరులో కేఎల్‌ఎం నేరుగా విమానాలు మొదలుపెట్టింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్కిపోల్ విమానాశ్రయం కిందనే రైల్వే స్టేషన్ ఉంది కనుక, సామానుతో బయటికి రాకుండానే గ్రోనింగెన్ వైపు రైలు ఎక్కవచ్చు.

ఏ సెమిస్టర్‌కు వెళ్లడం మంచిది? ఎప్పటి నుంచి సిద్ధం కావాలి?

మొదటి సెమిస్టర్ సెప్టెంబరు ఆరంభం నుంచి జనవరి చివరి దాకా, రెండోది ఫిబ్రవరి నుంచి జూలై దాకా నడుస్తాయి. సెప్టెంబరులో వెళితే కొత్తవారు అందరూ ఒకేసారి వస్తారు కాబట్టి పరిచయాలు తేలికగా ఏర్పడతాయి, కానీ గదుల కొరత కూడా అప్పుడే తీవ్రంగా ఉంటుంది. ఫిబ్రవరిలో గది దొరకడం కొంత సులువు. పైగా వెళ్లిన కొద్ది వారాల్లోనే పగలు పొడవవుతూ వసంతం వస్తుంది. మన దగ్గర సెమిస్టర్లు వేరే నెలల్లో మొదలవుతాయి కనుక, అక్కడి జనవరి పరీక్షలు ఇక్కడి తరువాతి సెమిస్టర్ తరగతులతో కలిసిపోకుండా చూసుకోవాలి. సెప్టెంబరుకు వెళ్లేవారి ప్రతిపాదనలు, దరఖాస్తులు సాధారణంగా వేసవి సెలవులకు ముందే ముగుస్తాయి కనుక, ఏడాది ముందు నుంచి ఆలోచన మొదలుపెడితేనే తొందర లేకుండా పనులు జరుగుతాయి.

వీసాకు మేమే దరఖాస్తు చేసుకోవాలా?

అక్కర లేదు. తొంభై రోజులకు మించి ఉండే భారతీయ విద్యార్థులకు ప్రవేశ వీసా, నివాస అనుమతి రెండూ కావాలి. ఈ రెంటికీ కలిపి మీ తరఫున అక్కడి విశ్వవిద్యాలయమే వలస వ్యవహారాల సంస్థ ఐఎన్‌డీకి దరఖాస్తు చేస్తుంది. మీరు పత్రాలు అప్‌లోడ్ చేసి, రుసుము విశ్వవిద్యాలయానికి కట్టాలి. అనుమతి వచ్చాక మన దేశంలోని నెదర్లాండ్స్ రాయబార వ్యవస్థ సూచించిన చోట పాస్‌పోర్టుపై ఎంవీవీ అనే స్టిక్కర్ వేయించుకుని బయలుదేరాలి. నివాస అనుమతి కార్డు అక్కడికి వెళ్లాక ఇస్తారు.

ఇందులో చాలామందిని ఇబ్బంది పెట్టేది ఆర్థిక స్తోమత రుజువు. జీవన వ్యయానికి సరిపడా సొమ్ము ఉన్నదని చూపాలి. 2025లో ఈ మొత్తం నెలకు సుమారు 1,130 యూరోలు. దానిని మీరు ఉండే నెలల సంఖ్యతో హెచ్చించుకోవాలి. ఈ సొమ్ము ఫీజు కాదు, మీ ఖర్చులకు మీ దగ్గరే ఉండవలసిన డబ్బు. తల్లిదండ్రుల ఖాతాలోని సొమ్మును చూపించవచ్చా, విద్యారుణం మంజూరు లేఖ సరిపోతుందా అన్నది ముందే విశ్వవిద్యాలయానికి రాసి అడగండి. చివరి వారంలో హడావిడిగా ఖాతాలో పెద్ద మొత్తం వేస్తే, అది ఎక్కడిదన్న ప్రశ్న తప్పక వస్తుంది.

భారతీయులు అక్కడికి చేరిన మూడు నెలల్లోగా క్షయ పరీక్ష చేయించుకుంటామని కూడా సంతకం చేయవలసి ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే ఒక్కటే. భయపడవలసినది ఏమీ లేదు, కానీ అపాయింట్‌మెంట్‌ను మరచిపోకూడదు.

జనన ధ్రువీకరణ పత్రం గురించి ఇంతగా ఎందుకు చెబుతారు? పదో తరగతి మెమో చాలదా?

చాలదు. మన దగ్గర పుట్టిన తేదీకి పదో తరగతి మెమోనే అన్ని చోట్లా చెల్లుతుంది కనుక, జనన ధ్రువీకరణ పత్రం అవసరం లేకుండానే ఇరవై ఏళ్లు గడిచిపోతాయి. నెదర్లాండ్స్‌లో నాలుగు నెలలకు మించి ఉండేవారు మునిసిపాలిటీలో నివాసిగా నమోదు కావాలి, అక్కడ అడిగేది జనన ధ్రువీకరణ పత్రాన్నే. అది కూడా అపోస్టిల్ ముద్రతో ఉండాలి. భారతదేశం 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది కాబట్టి ముందు రాష్ట్ర ప్రభుత్వ స్థాయిలో ధ్రువీకరణ, ఆ తరువాత విదేశాంగ శాఖ అపోస్టిల్ పొందితే సరిపోతుంది; రాయబార కార్యాలయం దాకా వెళ్లనక్కరలేదు.

ఇక్కడ మూడు చిక్కులు తరచుగా ఎదురవుతాయి. పాత పత్రాల్లో బిడ్డ పేరు రాసే చోట ఖాళీగా ఉంటుంది. పుట్టిన వెంటనే నమోదు చేయించారు గానీ, నామకరణం అయ్యాక మళ్లీ వెళ్లి పేరు చేర్పించి ఉండరు. కొన్నింటిలో వివరాలు తెలుగులోనే ఉంటాయి. డచ్, ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్ కాని భాషలోని పత్రానికి అధికారిక అనువాదం కావాలి గనుక ఇంగ్లిష్‌లో ఉన్న ప్రతినే తీసుకోండి. ఇక పేరు సంగతి: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, జనన పత్రంలో ఒక్క అక్షరంగా, మార్కుల జాబితాలో పేరుకు వెనక ఉంటే, ఇవన్నీ ఒక్కరివేనని విదేశీ గుమాస్తాకు చెప్పడం కష్టం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే దానిని ముందుగా సరిచేయించుకోండి. ఇంటి దగ్గరే ప్రసవం జరిగి అసలు నమోదే కాని వారు ఆలస్య నమోదు కోసం ఆర్డీవో కార్యాలయం దాకా వెళ్లవలసి రావచ్చు. ఆ పనికి నెలలు పడుతుంది. విశ్వవిద్యాలయం మీ పేరు ప్రతిపాదించిన రోజునే ఈ పని మొదలుపెట్టండి.

గది ఎలా వెతకాలి? వెళ్లాక చూసుకుంటే సరిపోదా?

ఈ పేజీలో ఒక్క సమాధానం మాత్రమే చదివే సమయం ఉంటే, దయచేసి దీన్ని చదవండి. గది ఖాయం కానిదే విమానం టికెట్ కొనవద్దు. గ్రోనింగెన్‌లో విద్యార్థి గదుల కొరత చాలా ఏళ్ల నుంచీ ఉంది. 2018 శరదృతువులో కొందరు విదేశీ విద్యార్థులకు గుడారాలలో తాత్కాలిక వసతి కల్పించవలసి వచ్చింది. మన నగరాల్లోలాగా బస్సు దిగి, ఆ సాయంత్రానికే హాస్టల్‌లో మంచం సంపాదించడం అక్కడ కుదరదు. కుటుంబ స్నేహితుల ఇంట్లో కొన్నాళ్లు సర్దుకుందామంటే, వారి ఇల్లు ఇతర నగరాల్లో ఉండటమే కాక, ఆ చిరునామాలో మీరు నమోదు కాలేకపోవచ్చు కూడా.

ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు అన్నింటికన్నా అనువైనది ఎస్‌ఎస్‌హెచ్ వంటి విద్యార్థి వసతి సంస్థలు ఇచ్చే, మంచం, బల్లలతో సహా సిద్ధంగా ఉన్న గది. ప్రవేశం ఖాయమైందన్న లేఖ రాగానే, కొన్నిసార్లు అంతకు ముందే, వీటి నమోదు మొదలవుతుంది. తొలి రోజే బుక్ చేసుకున్నవారికి దొరికే గది, వారం ఆగినవారికి దొరకదు. ప్రైవేటు గదులు వెతికేటప్పుడు రెండు విషయాలు తెలిసి ఉండాలి. చాలా గదులు పూర్తి ఖాళీగా, కొన్నిసార్లు నేలపై పరచిన పలకలు కూడా లేకుండా ఇస్తారు. విద్యార్థులే కలిసి ఉండే ఇళ్లలో కొత్తవారిని ఎంపిక చేసేది ఇంటి యజమాని కాదు, ఇప్పటికే అక్కడ ఉన్నవారు. ఒక సాయంత్రం పిలిచి, మాట్లాడి, నచ్చినవారిని తీసుకుంటారు. ఐదు నెలలకే వచ్చేవారిని తీసుకోవడానికి వారు వెనకాడతారు. అందుకే మొదటి మార్గమే నమ్ముకోదగినది.

మోసాల గురించి కూడా చెప్పాలి. గదిని ఎవరూ చూడక ముందే అడ్వాన్సు పంపమనేవారు, తాము విదేశంలో ఉన్నామని, తాళం చెవి కొరియర్‌లో పంపుతామని చెప్పేవారు దాదాపు అందరూ మోసగాళ్లే. పాస్‌పోర్టు ప్రతిని కూడా అలాంటివారికి పంపకూడదు. 2023 జూలై నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం అడ్వాన్సు రెండు నెలల మూల అద్దెకు మించకూడదు. ఆ చిరునామాలో మునిసిపల్ నమోదుకు అనుమతి ఉందా అని ఒప్పందానికి ముందే రాతపూర్వకంగా అడగండి. లేదంటే ఎంత చవకైనా ఆ గది మీకు పనికిరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట: అక్కడి విద్యార్థి భవనాల్లో అమ్మాయిలు, అబ్బాయిలు ఒకే అంతస్తులో ఉంటూ వంటగదినీ, చాలాసార్లు స్నానాల గదినీ కలిపి వాడుకోవడం మామూలే. గదికి తాళం ఉంటుంది, ఎవరి గది వారిదే. ఇది ఇబ్బంది అనిపిస్తే, స్నానాల గది విడిగా ఉన్న చిన్న ఫ్లాట్‌ను కొంత ఎక్కువ అద్దెకు ముందుగానే కోరుకోవాలి. వెళ్లాక మారడం కష్టం.

మొత్తం ఖర్చు ఎంతవుతుంది?

అద్దెకు నెలకు 450 నుంచి 700 యూరోలు, సొంతంగా వండుకుంటే తిండికి 200 నుంచి 250 యూరోలు, బీమా, ఫోన్, చిల్లర ఖర్చులకు మరో 150 యూరోలు వేసుకుంటే, ప్రయాణాలు కాక నెలకు వెయ్యి యూరోల పరిసరాల్లో ఉంటుంది. మొదటి నెల మాత్రం అడ్వాన్సు, సైకిల్, పరుపు, దుప్పట్లు, వీసా రుసుము అన్నీ కలిసి దాదాపు రెట్టింపవుతుంది. బ్యాంకు ఖాతా తెరిచే దాకా వాడుకోవడానికి ఒక ఫారెక్స్ కార్డు, కొంత నగదు ఉంచుకోండి. కొన్ని దుకాణాలు క్రెడిట్ కార్డు తీసుకోవు. కొన్ని నగదే తీసుకోవు. బస్సులు, రైళ్లలో మాత్రం కాంటాక్ట్‌లెస్ కార్డును ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆనిస్తే సరిపోతుంది. దిగేటప్పుడు మరిచిపోతే అదనంగా డబ్బు కట్ అవుతుంది.

మిత్రులతో కలిసి కాఫీ తాగినా, ఎవరి వాటా వారు చెల్లించడం అక్కడి పద్ధతి. బిల్లు ఒకరు కట్టి, మిగతావారికి టిక్కీ అనే యాప్‌లో మూడు యూరోల అభ్యర్థన పంపుతారు. మనకు ఇది మొదట్లో పిసినారితనంలా కనిపించవచ్చు గాని, వారి దృష్టిలో అది ఎవరినీ రుణపడేలా చేయకుండా చూసే మర్యాద.

దిగిన మొదటి వారంలో ఏయే పనులు ముగించాలి?

అన్నింటికన్నా ముందు మునిసిపాలిటీ నమోదు. దానితో మీకు బీఎస్‌ఎన్ అనే పౌర సేవా సంఖ్య వస్తుంది. బ్యాంకు ఖాతా, ఉద్యోగం, ప్రభుత్వ వెబ్‌సైట్లలో ప్రవేశానికి వాడే డిజిడి, అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. ఆ తరువాత నివాస అనుమతి కార్డు తీసుకోవాలి, ఇంటికి దగ్గరలోని డాక్టరు వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. ప్రభుత్వ సమాచారం ఇప్పటికీ ఎక్కువగా ఉత్తరాల్లో వస్తుంది, అది కూడా డచ్ భాషలో. తపాలా పెట్టెను రోజూ చూడండి. అందులో నీలం కవరు కనిపిస్తే అది పన్నుల శాఖ నుంచి వచ్చినట్టు. అర్థం కాని ఉత్తరాన్ని పక్కన పెట్టకుండా అదే రోజు ఎవరి చేతనైనా చదివించుకోండి.

జబ్బు చేస్తే ఎలా? ఏ బీమా తీసుకోవాలి?

చదువుకోవడానికి మాత్రమే వెళ్లి, ఉద్యోగం చేయని ఎక్స్ఛేంజ్ విద్యార్థులు డచ్ ప్రాథమిక ఆరోగ్య బీమా తీసుకోనక్కరలేదు. విద్యార్థుల కోసం ఉద్దేశించిన ప్రైవేటు బీమా చాలు. మామూలు పర్యాటక బీమాతో వెళ్లకండి, అందులో సాధారణ వైద్య ఖర్చులు చాలావరకు రావు. మీ వల్ల ఇతరుల వస్తువులకు నష్టం జరిగినప్పుడు ఆదుకునే బాధ్యత బీమా కూడా అందులో ఉండేలా చూసుకోండి.

అక్కడ నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లే పద్ధతి లేదు. ముందు కుటుంబ వైద్యుడిని చూడాలి, ఆయన పంపితేనే ఆస్పత్రి. జ్వరానికీ, జలుబుకూ పారాసెటమాల్ వేసుకుని విశ్రాంతి తీసుకోమంటారు. యాంటీబయాటిక్స్ చాలా అరుదుగా రాస్తారు. ఇది నిర్లక్ష్యం కాదు, ఆ దేశపు వైద్య విధానమే అది. రోజూ వాడే మందులు ఉంటే డాక్టరు చీటీతో సహా సెమిస్టర్‌కు సరిపడా తీసుకెళ్లండి. ప్రాణాపాయం ఉన్నప్పుడు పిలవవలసిన నంబరు 112.

పార్ట్‌టైం ఉద్యోగం చేసి ఖర్చులు వెళ్లదీసుకోవచ్చా?

ఆ నమ్మకంతో బయలుదేరవద్దు. నిబంధనల ప్రకారం ఐరోపా సంఘం బయటి విద్యార్థులు వారానికి 16 గంటలు, లేదా జూన్, జూలై, ఆగస్టు నెలల్లో పూర్తికాలం పనిచేయవచ్చు. కానీ అందుకు పని అనుమతిని యజమానే తీసుకోవాలి. ఐదు నెలలకే వెళ్లిపోయే, డచ్ రాని విద్యార్థి కోసం ఆ శ్రమ పడేవారు తక్కువ. పైగా ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నెలకు 150 యూరోలకు పైబడిన డచ్ ప్రాథమిక బీమా తప్పనిసరి అవుతుంది.

చదువు ఎలా ఉంటుంది? మార్కులు ఎందుకు తక్కువగా వస్తాయి?

గ్రోనింగెన్‌లో ప్రతి సెమిస్టర్‌నూ రెండు భాగాలు చేస్తారు. ఒక్కో భాగం సుమారు పది వారాలు, చివరలో పరీక్షలు. సెమిస్టర్‌కు పూర్తి భారం 30 ఐరోపా క్రెడిట్లు. అక్కడ ఒక క్రెడిట్ అంటే 28 గంటల పని, అంటే మొత్తం 840 గంటలు. తరగతులు వారానికి పది పన్నెండు గంటలే కనిపించినా, మిగతా సమయమంతా చదవడానికీ, రాయడానికీ లెక్క వేసి ఉంటుంది. మొదటి మూడు వారాలు ఖాళీగా ఉన్నట్టు అనిపించి తిరిగినవారు ఏడో వారంలో ఊపిరాడక ఇబ్బంది పడతారు.

మార్కులు ఒకటి నుంచి పది దాకా ఉంటాయి; ఐదున్నర వస్తే ఉత్తీర్ణత. ఎనిమిది అంటే చాలా మంచి మార్కు, తొమ్మిది అరుదు, పది దాదాపు ఎవరికీ రాదు. ఇక్కడ తొంభై శాతానికి అలవాటు పడిన విద్యార్థి ఏడు చూసి కుంగిపోవడం, తల్లిదండ్రులు కారణం అడగడం జరుగుతుంటాయి. ఏడు నిజంగా మంచి మార్కే. ఆ మార్కులను ఇక్కడి గ్రేడ్లలోకి ఎలా మారుస్తారో మీ పరీక్షల విభాగం నుంచి బయలుదేరే ముందే రాతపూర్వకంగా తీసుకోండి. ఏడును నేరుగా 70 శాతంగా లెక్కిస్తే మీకు అన్యాయం జరుగుతుంది.

అధ్యాపకులను పేరుతో పిలవమంటారు, వారి మాటను తరగతిలోనే ప్రశ్నించమంటారు. మౌనంగా కూర్చోవడాన్ని అక్కడ వినయంగా కాక, ఆసక్తి లేకపోవడంగా చూస్తారు. బృందంగా చేసే పనిలో తోటి డచ్ విద్యార్థి మీ భాగం బాగా లేదని మొహం మీదే చెప్పవచ్చు. అది మీ పని గురించే గాని మీ గురించి కాదు, మీరూ అలాగే చెప్పవచ్చు. కోర్సుకూ, పరీక్షకూ ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవడం మీ బాధ్యత. గడువు దాటితే బతిమాలడం వల్ల ఉపయోగం ఉండదు.

ఏ కోర్సులు ఎంచుకోవాలి? క్రెడిట్లు ఇక్కడ చెల్లుతాయా?

బయలుదేరే ముందు మీరు, ఇక్కడి విశ్వవిద్యాలయం, అక్కడి విశ్వవిద్యాలయం మూడు పక్షాలూ సంతకం చేసే అధ్యయన ఒప్పందంలో ఉన్న కోర్సులకే చెల్లుబాటు ఉంటుంది. అక్కడికి వెళ్లాక సమయాలు కుదరక ఒక కోర్సు మార్చుకుంటే, మారిన ఒప్పందానికి కూడా ఇక్కడి విభాగాధిపతి అంగీకారం ఈమెయిల్‌లో తీసుకోండి. నోటి మాట మీద వదిలేసి, తిరిగొచ్చాక ఒక సెమిస్టర్ వెనకబడటం చాలా బాధాకరం. కోర్సుల ఎంపికలో మా సలహా ఇది: ఇక్కడ ఎలాగూ చెప్పే పాఠానికి సమానమైనవి తప్పనిసరి మేరకే తీసుకుని, కనీసం ఒకటైనా ఇక్కడ దొరకని కోర్సు తీసుకోండి. సముద్రమట్టానికి దిగువన ఉన్న భూములను నీటి నుంచి కాపాడుకునే విధానం, పవన విద్యుత్తు, సైకిల్‌ను కేంద్రంగా చేసుకున్న నగర ప్రణాళిక వంటివి ఆ నేల మీదే ఉండి చదవడం వేరు, పుస్తకంలో చదవడం వేరు.

సైకిల్ తప్పనిసరా? తొక్కడం మరచిపోయినవారి సంగతి?

తప్పనిసరే అనుకోండి. 1977లో నగర కేంద్రాన్ని నాలుగు భాగాలుగా విడదీసి, ఒక భాగం నుంచి మరో భాగానికి కారు నేరుగా వెళ్లకుండా చేశారు. సైకిల్ మాత్రం ఎక్కడికైనా వెళ్లవచ్చు. ఆ నిర్ణయం వల్లనే నేడు ఈ ఊరు ప్రపంచంలో సైకిళ్లు అత్యధికంగా వాడే నగరాల్లో ఒకటిగా నిలిచింది. చాలా కూడళ్లలో అన్ని వైపుల సైకిళ్లకూ ఒకేసారి పచ్చదీపం వెలుగుతుంది. కొత్తవారికి అది గందరగోళంగా కనిపించినా, వేగం తగ్గించి ఎదుటివారి కళ్లలోకి చూస్తూ దాటితే ఏమీ కాదు. ఇక్కడ ఉండగానే నెల రోజులు ఉదయం పూట తొక్కి అలవాటు చేసుకుని వెళ్లండి.

పాత సైకిల్ 100 యూరోల అటూ ఇటూగా దొరుకుతుంది. నెలవారీ అద్దెకు కూడా ఇస్తారు, మరమ్మతు వారే చూసుకుంటారు, ఐదు నెలలకు అది అనువైన పద్ధతి. వీధిలో ఎవరో చాలా చవకగా అమ్మజూపే సైకిల్ దొంగిలించినదే అయి ఉంటుంది, కొనడం నేరం. చీకటి పడితే ముందు తెల్లదీపం, వెనక ఎర్రదీపం లేకుండా తొక్కితే జరిమానా వేస్తారు. సైకిల్ తొక్కుతూ ఫోన్ చేత పట్టుకోవడం 2019 జూలై నుంచి నిషిద్ధం. స్టేషన్ ముందు నిషేధిత స్థలంలో నిలిపితే సైకిల్‌ను తీసుకుపోతారు.

మన భోజనం దొరుకుతుందా? శాకాహారులు ఏం చేయాలి?

దొరుకుతుంది. మంగళ, శుక్ర, శనివారాల్లో నగరం నడిబొడ్డున సంత జరుగుతుంది. సూపర్‌మార్కెట్ల కన్నా చవకగా, తాజాగా కూరగాయలు కొనుక్కోవచ్చు. టోకో అనే ఆసియా దుకాణాల్లో సోనామసూరిని పోలిన బియ్యం, పప్పులు, చింతపండు ఉంటాయి. అలసందలు, కాకరకాయ, బెండకాయ కూడా అక్కడ కనబడటానికి ఒక చరిత్ర ఉంది: 1873 నుంచి మన దేశం నుంచి డచ్ వలస రాజ్యమైన సురినామ్‌కు కూలీలుగా వెళ్లినవారి వారసులు ఎంతోమంది తరువాత నెదర్లాండ్స్‌లో స్థిరపడ్డారు. వారి రొట్టె, కూర దొరికే హోటళ్లు మనవారి నాలుకకు త్వరగా నచ్చుతాయి.

కచ్చితమైన శాకాహారులు చీజ్ విషయంలో జాగ్రత్తపడాలి. చాలా డచ్ చీజ్‌లలో దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు, కొన్ని మిఠాయిలలో జెలటిన్ ఉంటుంది. శాకాహార గుర్తు ఉన్నవి చూసి కొనుక్కోండి. సామానులో ఆవకాయ, కారప్పొడులు, కందిపొడి తీసుకెళ్లవచ్చు. నెయ్యి, పాలతో చేసిన స్వీట్లు, చికెన్ పచ్చడి మాత్రం పెట్టవద్దు. బయటి దేశాల నుంచి మాంస, పాల పదార్థాలు తేవడాన్ని ఐరోపా సంఘం నిషేధించింది. పచ్చి కరివేపాకుకు కూడా ప్రత్యేక ధ్రువపత్రం కావాలి గనుక ఎండబెట్టినదే తీసుకెళ్లండి. కుళాయి నీరు నేరుగా తాగవచ్చు.

చలి కన్నా చీకటి కష్టమంటారు, నిజమేనా?

నిజమే. ఉష్ణోగ్రత శీతకాలంలో సున్నా నుంచి ఐదారు డిగ్రీల మధ్య ఉంటుంది, మంచు కొద్ది రోజులే పడుతుంది. అసలు ఇబ్బంది గాలి, వాన, చీకటి. డిసెంబరు మూడో వారంలో సూర్యుడు ఉదయం 8:45కు ఉదయించి, సాయంత్రం 4:15కే అస్తమిస్తాడు. నవంబరు నుంచి దిగులు కమ్ముకోవడం చాలామందికి అనుభవమే. పగటి వెలుగు ఉన్నప్పుడు గంటసేపు బయట తిరగడం, విద్యార్థి క్రీడా సంస్థ ఏసీఎల్‌ఓ కార్డు తీసుకుని ఏదో ఒక ఆటలో చేరడం, వారంలో ఒకరోజైనా నలుగురితో కలిసి వండుకోవడం నిజంగా ఉపకరిస్తాయి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి దెబ్బతింటే విశ్వవిద్యాలయపు మానసిక నిపుణులను కలవండి. గొడుగు గాలికి నిలవదు. వాన కోటు, వాన ప్యాంటు అక్కడే కొనండి.

గ్రోనింగెన్‌లో భూకంపాలు వస్తాయట. భయపడాలా?

నగరానికి ఈశాన్యంగా 1959లో బయటపడిన భారీ సహజవాయు క్షేత్రం నుంచి దశాబ్దాల పాటు వాయువు తీయడంతో నేల కుంగి, చిన్న భూకంపాలు వచ్చాయి. వాటిలో పెద్దది 2012లో హౌజింగె గ్రామం వద్ద వచ్చినది, తీవ్రత 3.6. పల్లెల్లో వేలాది ఇళ్లు బీటలు వారాయి, అక్కడివారికి అది నేటికీ తీరని బాధ. 2023 అక్టోబరు 1న వాయువు వెలికితీతను ఆపివేశారు. అప్పుడప్పుడు స్వల్ప ప్రకంపనలు వస్తున్నా, నగరంలో ఉండే విద్యార్థికి ప్రమాదమని చెప్పదగిన స్థితి లేదు.

డచ్ నేర్చుకోవాలా?

చదువుకూ, దుకాణాలకూ ఇంగ్లిష్ చాలు. అయినా విశ్వవిద్యాలయ భాషా కేంద్రంలో ప్రారంభ స్థాయి తరగతి తీసుకోండి; ఉత్తరాలు, ప్రకటనలు, సరుకుల పొట్లాల మీది రాతలు అర్థమవుతాయి. ఎక్స్ఛేంజ్ విద్యార్థుల సంఘం ఈఎస్‌ఎన్ మొదటి వారంలో జరిపే పరిచయ కార్యక్రమాల్లో వివిధ దేశాలవారితో స్నేహం తేలికగా కుదురుతుంది. డచ్ విద్యార్థులతో స్నేహానికి మాత్రం సమయం పడుతుంది, ఎందుకంటే వారికి చిన్ననాటి మిత్రులు అక్కడే ఉంటారు. క్రీడా జట్టు, సంగీత బృందం వంటి ప్రతి వారం కలిసే చోటే అది సాధ్యం. చెప్పకుండా ఇంటికి వెళ్లడం అక్కడ మర్యాద కాదు. రెండు వారాల తరువాతి సాయంత్రానికి తేదీ అడగడమే ఆత్మీయత.

చుట్టుపక్కల దేశాలు తిరగవచ్చా?

నివాస అనుమతి కార్డు, పాస్‌పోర్టు దగ్గర ఉంటే షెంగెన్ దేశాల్లో 180 రోజుల్లో 90 రోజుల వరకు తిరగవచ్చు. బ్రిటన్‌కు వేరే వీసా కావాలి. దూరదేశాలకు తొందరపడే ముందు దగ్గరి వాటిని చూడండి. లావర్స్‌ఓగ్ రేవు నుంచి పడవలో స్కీర్‌మొనికోగ్ ద్వీపానికి వెళ్లవచ్చు. 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన వాడెన్ సముద్రంలో ఆటుపోట్ల మధ్య నీరు తగ్గినప్పుడు, అనుమతి ఉన్న మార్గదర్శకులతో బురద నేల మీద నడవవచ్చు. ఇంత అపూర్వమైన అనుభవం పారిస్‌లో కూడా దొరకదు.

తిరిగి వచ్చే ముందు ఏమేమి చేయాలి?

గది ఖాళీ చేస్తున్నట్టు సాధారణంగా నెల ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. గదిలో దిగిన రోజు తీసిన ఫొటోలు అడ్వాన్సు తిరిగి రాబట్టుకోవడానికి ఇప్పుడు పనికొస్తాయి. ఏ నష్టమూ లేకపోతే 14 రోజుల్లోగా అడ్వాన్సు చెల్లించాలని చట్టం చెబుతోంది. బయలుదేరడానికి ముందరి ఐదు రోజుల్లో మునిసిపాలిటీ జాబితా నుంచి పేరు తొలగించుకోవాలి, లేకుంటే పన్నుల ఉత్తరాలు పాత చిరునామాకే వస్తూ ఉంటాయి. బీమా, ఫోన్, క్రీడా కార్డు రద్దు చేసి, నివాస అనుమతి కార్డును ఐఎన్‌డీకి తిరిగి పంపాలి. అడ్వాన్సు చేతికి వచ్చేదాకా మాత్రం డచ్ బ్యాంకు ఖాతాను మూసివేయకండి. మార్కుల పత్రం అధికారికంగా రావడానికి పరీక్షల తరువాత కొన్ని వారాలు పడుతుంది. ఒక సబ్జెక్టు తప్పి, పునఃపరీక్ష తేదీ మీరు బయలుదేరిన తరువాత ఉంటే, దానిని ఇక్కడి నుంచి రాయడానికి వీలుంటుందా అని ఆ కోర్సు అధ్యాపకులను అక్కడ ఉండగానే అడిగి, వారి జవాబును ఈమెయిల్‌లో తీసుకుని రండి.